సంతకానికి ముందు భైరవ సంగతి

చిరంజీవి సుధీర్‌కు పెదనాన్న ఆశీస్సులు.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మీరు చూసిన ఇల్లు ఫోటోల్లో బాగుంది. తూర్పు గుమ్మం దొరికిందని మీ పెద్దమ్మ మరీ సంతోషించింది. అయితే వంటగది గ్రానైట్ గురించి అంత రాసిన నువ్వు భైరవ గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. 40 కిలోల రాట్‌వైలర్ కుక్కను వెంటబెట్టుకుని హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీకి వెళ్లేవాడు గుమ్మం కంటే ముందు ఆ కాలనీ డిక్లరేషన్, అంటే నిబంధనల దస్తావేజు, చూడాలి.

ఆ దస్తావేజు కౌంటీ క్లర్క్ దగ్గర రికార్డయి ఉంటుంది, ఇంటితోపాటే వస్తుంది. కనుక నువ్వు చదివినా చదవకపోయినా కొన్ననాటి నుంచి నిన్ను కట్టిపడేస్తుంది. అందులో జంతువుల భాగం ఒక్కటే చదివి ఆగిపోవద్దు, ఎందుకంటే నిషేధించిన కుక్కల జాతుల జాబితా ఒక్కోసారి డిక్లరేషన్‌లో కాక హెచ్‌ఓఏ బోర్డు విడిగా ఆమోదించిన రూల్స్‌లో ఉంటుంది. ఏ కాగితంలో ఉందన్నది చిన్న విషయం కాదు: డిక్లరేషన్‌ను సవరించాలంటే టెక్సస్‌లో మామూలుగా యజమానుల ఓట్లలో 67 శాతం కావాలి, రూల్స్‌నైతే చాలాచోట్ల బోర్డే మార్చగలదు. జాతి పేర్లేవీ లేకుండా, బోర్డు ప్రమాదకరమని భావించే ఏ కుక్కనైనా తొలగించమనవచ్చని రాసి ఉంటే, నా దృష్టిలో అది జాబితా కంటే చెడ్డది. జాబితా ఉంటే కనీసం మనమెక్కడ నిలబడ్డామో తెలుస్తుంది.

అమ్మేవారి ద్వారా రీసేల్ సర్టిఫికెట్‌ను (ఆ ఇంటి గురించి హెచ్‌ఓఏ ఇచ్చే వివరాల పత్రాన్ని), దానితోపాటు రూల్స్‌ను ఈ వారమే అడుగు. రాతపూర్వకంగా అడిగాక ఇవ్వడానికి అసోసియేషన్‌కు చట్టం 10 పనిదినాలు ఇస్తోంది. నీ ఆప్షన్ గడువు, అంటే ఒప్పందం నుంచి తప్పుకోవడానికి నీకున్న గడువు, అంతకంటే ముందే ముగిసిపోవచ్చు కనుక, ఈలోగా కౌంటీ రికార్డుల నుంచి డిక్లరేషన్‌ను నువ్వే తెచ్చుకో. మేనేజ్‌మెంట్ కంపెనీకి భైరవ జాతి, బరువు, వయసు స్పష్టంగా రాసి ఈమెయిల్ పంపు, వచ్చిన జవాబును దాచుకో. ఫోన్‌లో చెప్పిన మాట రేపు అక్కరకు రాదు.

టెక్సస్‌లో జాతిని బట్టి కుక్కలను నిషేధించడం కుదరదని నీ మిత్రుడు చెప్పింది సగమే నిజం. ఆ చట్టం నగరాలకూ కౌంటీలకూ వర్తిస్తుంది. హెచ్‌ఓఏ నిబంధన మాత్రం మనం ఇల్లు కొని ఒప్పుకున్న షరతు. డెన్వర్‌లో 1989 నాటి పిట్‌బుల్ నిషేధాన్ని 2020లో ఓటర్లు తొలగించి పర్మిట్ పద్ధతి తెచ్చారు, కానీ ఆ ఓటుతో అక్కడి కాలనీల సొంత నిబంధనలు చెరిగిపోలేదు.

ఇదంతా నేను దెబ్బ తిని నేర్చుకున్నదే. 2008లో మేము ఇల్లు కొన్నప్పుడు, కుక్కల నిబంధనను ఎవరూ పట్టించుకోరని అమ్మకాల ఏజెంట్ నవ్వుతూ అన్న మాట నమ్మి, జర్మన్ షెపర్డ్ చిన్నితో దిగిపోయాము. ఎనిమిది నెలలకు హెచ్‌ఓఏ నుంచి సర్టిఫైడ్ మెయిల్‌లో నోటీసు వచ్చింది. పోస్ట్‌మాన్ ఆకుపచ్చ కార్డు మీద నా సంతకం తీసుకుంటున్నంతసేపూ చిన్ని అతని బూట్లు వాసన చూస్తూ, తోక ఊపుతూ నిలబడింది. హియరింగ్ (బోర్డు ముందు మన వాదన చెప్పుకునే అవకాశం) అడగడానికి 30 రోజులు ఉన్నాయని అందులోనే రాసి ఉన్నా, అదే సద్దుమణుగుతుందిలే అని నేను ఊరుకున్నాను. జరిమానాలు పెరిగాక చిన్నిని డెంటన్ అవతల పొలం ఉన్న స్నేహితుడి ఇంట్లో వదలవలసి వచ్చింది. మీ అక్క నాతో వారం రోజులు మాట్లాడలేదు.

రెండు అడ్డదారులు మాత్రం తొక్కవద్దు. భైరవను లాబ్ మిక్స్ (లాబ్రడార్ కలిసిన జాతి) అని రాయించవద్దు. వెటర్నరీ కాగితమే నీకు ఎదురు సాక్ష్యమవుతుంది. ఆన్‌లైన్‌లో డబ్బు కట్టి సహాయక జంతువనే ఉత్తరం కొనవద్దు. ఫెయిర్ హౌసింగ్ చట్టం ఇచ్చే వెసులుబాటు వైకల్యం వల్ల నిజంగా ఆ జంతువు అవసరమైనవారి కోసం ఉన్నది, మనం దాన్ని పలుచన చేయకూడదు.

నిబంధన అడ్డొచ్చినా ఇల్లు వదులుకోలేకపోతే, కొనకముందే బోర్డును రాతపూర్వకంగా మినహాయింపు అడుగు. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వారి కెనైన్ గుడ్ సిటిజన్ పరీక్షలో పది అంశాలుంటాయి; అపరిచితుడు పలకరిస్తే నిమ్మళంగా ఉండడం వాటిలో మొదటిది. భైరవ చేత ఆ పరీక్ష పాస్ చేయించి, టీకాల కాగితాలతో కలిపి పంపు. ఇంటి బీమా కంపెనీకి కూడా జాతి పేరు చెప్పి కొటేషన్ తీసుకో. హెచ్‌ఓఏ సరేనన్నా, రాట్‌వైలర్ అనగానే కొందరు బీమాదారులు వెనక్కి తగ్గుతారు.

డిక్లరేషన్ చేతికి రాగానే నాకూ పంపు. శనివారం ఉదయం కాఫీ తాగుతూ ఫోన్‌లో ఇద్దరం కలిసి చదువుదాం. అప్పటిదాకా ఆప్షన్ గడువు దాటనివ్వకు.

ఇట్లు,
పెదనాన్న