గుర్రబ్బండ్ల మ్యూజియానికి వెళ్తే ముందు వంగి బండి కింద చూడండి

వైజాగ్‌లో పిల్లలకు పాతకాలం గుర్రబ్బండ్లు చూపించే మ్యూజియం ఉందా, లేకపోతే ఎంత దూరమైనా వెళ్లి చూడదగ్గది ఏది అని అడిగారు.

ఇక్కడ వాటికోసమే పెట్టిన మ్యూజియం నేనెక్కడా చూడలేదు. బీచ్‌రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్ ఉంది, దాని ఎదురుగా టీయూ-142 విమానం ఉంది. ఊరంతా తిరిగిన జట్కాకు మాత్రం చోటు లేకపోవడం నాకు నిజంగా బాధ, ఎందుకంటే మా తాత వన్‌టౌన్‌లో జట్కా తోలేవాడు. దగ్గర్లో అంటే హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్. నిజాం కుటుంబం బగ్గీలు, పాత కార్లు అక్కడ ఉన్నాయి. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దిగిపోతారు. శుక్రవారం సెలవు, అది చూసుకుని వెళ్లండి.

కానీ నన్నడిగితే, ఎప్పుడైనా యూరప్ వెళ్లే అవకాశం వస్తే పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లోని కోచ్ మ్యూజియం వదులుకోవద్దు. మా చెల్లెలు అక్కడున్నప్పుడు నాన్నను తీసుకుని వెళ్లాను. 1905లో అప్పటి పోర్చుగల్ రాణి అమేలియా దాన్ని రాజుల గుర్రపు స్వారీ శాలలో పెట్టించింది. 2015 నుంచి ఎక్కువ బండ్లు దగ్గర్లోనే కట్టిన కొత్త భవనంలో ఉన్నాయి.

లోపలికి వెళ్లగానే అందరి కళ్లూ బంగారు పూత మీదే ఉంటాయి. 1716లో పోర్చుగల్ రాజు పోప్ దగ్గరికి పంపిన రాయబారం కోసం చేయించిన మూడు పెద్ద బండ్లు ఉన్నాయి. ఒకదాని వెనకవైపు ఇద్దరు ముసలివాళ్లు చేతులు కలుపుతున్న బొమ్మలుంటాయి. ఒకరు అట్లాంటిక్, ఇంకొకరు హిందూ మహాసముద్రం. అంటే మన బంగాళాఖాతం కూడా ఆ రెండో ముసలాయనలో భాగమే!

నాన్న మాత్రం ఆ బొమ్మలకేసి చూడలేదు. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగి, బండి కింద చూసి, "కమాన్లేవిరా?" అన్నారు. కమాన్లంటే గతుకుల కుదుపు తగ్గించే ఇనుప స్ప్రింగులు. నిజమే, లేవు. ఆ కాలపు బండ్లలో మనుషులు కూర్చునే పెట్టెను మందపాటి తోలు పట్టీలతో వేలాడదీసేవారు. గతుకు వచ్చినప్పుడు పెట్టె ఉయ్యాలలా ఊగుతుంది, అంతే. రెండు కమాన్లను ఎదురెదురుగా బిగించి, పెట్టెను వాటి మీద కూర్చోబెట్టే పద్ధతికి ఇంగ్లండ్‌లో ఇలియట్ అనే ఆయన పేటెంట్ తీసుకున్నది 1804లో. "రాజులకు లేని కమాన్లు మా నాన్న బండికి ఉన్నాయి" అని నాన్న ఆ రోజంతా పదిసార్లన్నా చెప్పుంటారు.

మీ పిల్లలకు చూపించాల్సింది ఆ కింది భాగమే. ముందు చక్రాలు వెనకవాటికంటే చిన్నవి, మలుపు తిరిగేటప్పుడు పెట్టెకు తగలకుండా ఉండాలని. చక్రం ఆకుల చుట్టూ ఉన్న ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి తొడుగుతారు, వెంటనే నీళ్లు పోస్తారు. ఇనుము బిగుసుకుని చెక్క ముక్కలన్నిటినీ ఒక్కటిగా పట్టేస్తుంది. కమ్మరి దగ్గర తాత బండి చక్రానికి ఇది చేస్తుంటే చిన్నప్పుడు చూశాను. నీళ్లు పడగానే చెక్క టకటకమని చప్పుడు చేస్తూ బిగుసుకుంటుంది, కాలిన చెక్క వాసన వీధంతా కొట్టేది.

జట్కాలో ఇంకో విషయం ఉంది. నాలుగు చక్రాల బండికి ఆ బాధ లేదు గానీ, రెండు చక్రాలదానికి బరువు సరిగ్గా ఇరుసు మీద ఉండాలి. ముందు ఎక్కువైతే గుర్రం వీపు మీద పడుతుంది, వెనక ఎక్కువైతే గుర్రానికి రెండు పక్కలా ఉండే కర్రలు, అదే నొగలు, పైకి లేస్తాయి. అందుకే తాత పగ్గాలు పట్టుకునే ముందు ఒకసారి వెనక్కి తిరిగి, "అమ్మా, తమరు కాస్త ముందుకు జరగండి" అనేవాడు. గడ్డి మీద పరిచిన గోనెపట్టా మీద అందరూ సర్దుకుని కూర్చునేవాళ్లు.

లిస్బన్‌లోనే ఒక గుర్రబ్బండి ముందు మాత్రం ఎవరూ మాట్లాడలేదు. 1908 ఫిబ్రవరి 1న అమేలియా భర్త రాజు కార్లోస్‌ను, పెద్ద కొడుకును కాల్చి చంపిన బండి అది. బుల్లెట్ రంధ్రాలు ఇప్పటికీ కనిపిస్తాయి. రాణి అమేలియా అదే బండిలో ఉంది. చేతిలో ఉన్న పూలగుత్తితోనే హంతకుణ్ణి కొట్టింది. తను పెట్టిన మ్యూజియంలోకే చివరికి ఆ బండి వచ్చింది. పిల్లలు మరీ చిన్నవాళ్లయితే దాన్ని దాటించి తీసుకెళ్లండి. సోమవారం సెలవు.

తాత బండిని ఆటోలు వచ్చాక కట్టెల కింద అమ్మేశారు. పక్కన వేలాడే ఇత్తడి దీపం ఒక్కటి మిగిలింది. లిస్బన్ నుంచి రాగానే నాన్న దాన్ని అటక మీద నుంచి దింపి చింతపండుతో తోమారు. ఇప్పుడు మా ముందు గదిలో ఉంది.