బిషప్ రాజీనామా చేస్తే ఇక ఫాదర్‌గా కూడా ఉండరా?

ఉంటారు, రాజీనామాతో పోయేది పీఠం (బిషప్ కింద ఉండే చర్చిల ప్రాంతం) మీద అధికారమే, గురుపట్టం (ఫాదర్ హోదా) కాదు. పోపు రాజీనామాను అంగీకరించాక, గుంటూరు పీఠమైనా విజయవాడ పీఠమైనా, దివ్యబలిపూజలో (చర్చిలో జరిగే మాస్‌లో) పీఠాధిపతి, అంటే బిషప్, కోసం ప్రార్థించే చోట ఆయన పేరు వినపడదు. అంతే. పట్టం తీసేయాలంటే చర్చిలో వేరే దర్యాప్తు, వేరే తీర్పు కావాలి.

అమెరికాలోని బోస్టన్‌లో పిల్లలపై లైంగిక దాడులకు పాల్పడిన ఫాదర్లను ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి మారుస్తూ వచ్చారన్న ఆరోపణలతో అక్కడి ఆర్చిబిషప్ కార్డినల్ బెర్నార్డ్ లా 2002 డిసెంబరులో ఆ పదవి నుంచి తప్పుకున్నారు. 2004లో రోమ్‌లోని సాంటా మరియా మజ్జోరే అనే పెద్ద గుడి బాధ్యత ఆయనకే అప్పగించారు! బాధితుల కడుపు ఎంత రగిలి ఉంటుందో వేరే చెప్పాలా?

చాలామంది రాజీనామానే శిక్ష అనుకుంటారు. కాదు. మన దగ్గర పిల్లలపై అలాంటి నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి. పదవి వదిలేసినంత మాత్రాన కేసు పోదు.