చెరోకీలో ఒక్కరోజు: అసలు సంప్రదాయం ఎక్కడ చూడాలి?

అక్టోబరులో అమ్మానాన్నల్నీ పిల్లల్నీ తీసుకుని షార్లెట్ నుంచి చెరోకీ (అమెరికాలోని నార్త్ కరోలినాలో చెరోకీ ఆదివాసుల ఊరు) వెళ్తున్నాం, క్యాసినో, బొమ్మల కొట్లు కాక అసలు సంప్రదాయం ఎక్కడ కనిపిస్తుందని అడిగారు కదండీ.

పొద్దున్నే ఓకొనలుఫ్టీ ఇండియన్ విలేజ్‌కి వెళ్లండి. పాతకాలపు చెరోకీల జీవితాన్ని చూపించడానికి 1952లో తెరిచిన ఈ నమూనా ఊళ్లో మొద్దును నిప్పుతో కాల్చి, తొలిచి పడవ చేయడం కళ్లారా చూడొచ్చు. కొండవాలు కాబట్టి పెద్దవాళ్లకి మంచి బూట్లు వేయించండి.

తర్వాత చెరోకీల చరిత్ర చెప్పే మ్యూజియం, దాని ఎదురుగానే క్వాలా ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్. 1946 నుంచి కళాకారులే నడుపుకుంటున్న సహకార సంఘం ఇది. అక్కడ రెండు పొరల వెదురు బుట్ట ఒకటి అడిగి మరీ చూడండి: లోపలి పొర అల్లుకుంటూ పైకొచ్చి, అంచు దగ్గర మడిచి, అవే బద్దలతో బయటి పొర కిందికి అల్లుతారు. రంగులు చెట్ల వేళ్లూ బెరళ్లవే. ధర గుండె గుభేల్మనిపిస్తుంది గానీ దయచేసి బేరమాడకండి!

మీ తేదీలు అక్టోబరు జాతరతో కలిస్తే స్టిక్‌బాల్ (కర్రలతో చిన్న బంతిని పట్టి విసిరే చెరోకీల పాత ఆట) తప్పక చూడండి, ఆట మాత్రం బాగా మొరటు. అక్కడ బీన్ బ్రెడ్ దొరుకుతుంది. మొక్కజొన్న పిండిలో చిక్కుడు గింజలు కలిపి, ఆకుల్లో చుట్టి ఉడికిస్తారు. పైన పంది కొవ్వు పోసే అలవాటుంది, అమ్మగారు శాకాహారులైతే అడిగి తీసుకోండి.

రోడ్డు పక్కన పెద్ద ఈకల కిరీటంతో ఎవరైనా కనిపిస్తే, అది చెరోకీలది కాదు, అమెరికా మధ్య మైదానాల్లోని వేరే తెగల వేషమని పిల్లలకి చెప్పండి. చెరోకీ పురుషులు తలపాగా చుట్టేవారు. ఫొటోలకి ముందు అనుమతి అడగండి.