అందరూ ఐపాడ్ అంటున్నప్పుడు నేను వేరే ప్లేయర్ ఎందుకు కొన్నానంటే

మీ ప్రశ్న చదివానండి. మీ నాన్నగారికి ఫోన్‌తో పని లేకుండా పాటలు వినే చిన్న ప్లేయర్ కావాలి, అడిగిన ప్రతివాళ్ళూ సెకండ్ హ్యాండ్‌లో యాపిల్ వాళ్ళ పాత ఐపాడ్ తీసుకోమంటున్నారు, ఐపాడ్ కాకుండా వేరేది కొని ఎక్కువకాలం వాడినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పమన్నారు. నేను వాడాను. 2010లో శాన్‌డిస్క్ వాళ్ళ సాన్సా క్లిప్ ప్లస్ తెప్పించుకున్నా, 4 జీబీది, అమెరికా నుంచి వస్తున్న మా బావ 40 డాలర్లకి తెచ్చాడు, అంటే అప్పటి లెక్కలో 1,800 రూపాయలు. అదే టైంలో 8 జీబీ ఐపాడ్ నానో 149 డాలర్లు. కానీ నేను డబ్బుల కోసం వద్దనుకోలేదు, బావ "నానో తెస్తాలేరా, నాకేం బరువు కాదు" అనే అన్నాడు, రెండు రోజులు ఆగమని చెప్పి కూర్చుని ఆలోచించి వద్దన్నాను.

నానో బాగోలేదని కాదు. ఆఫీసులో నా పక్క సీటు అతని దగ్గర ఉండేది, చేతిలో పెట్టుకుని ఆ చక్రం మీద బొటనవేలు తిప్పుతుంటే వందల పాటలు జర్రున జారిపోయేవి, అంత హాయిగా పాట వెతుక్కోవడం వేరే ఏ ప్లేయర్‌లోనూ చూడలేదు నేను. నాకూ మనసు లాగింది. కానీ ఇంటికొచ్చి నా పాటలు ఎలా ఉన్నాయో ఒకసారి చూసుకుంటే అసలు సంగతి అర్థమైంది.

అప్పట్లో మన దగ్గర పాటలు ఎలా ఉండేవో మీకు గుర్తుండే ఉంటుంది. ఎంపీత్రీ సీడీ ఒక్కోదాంట్లో నూటయాభై పాటలు, స్నేహితుల పెన్ డ్రైవ్‌లు, నెట్ సెంటర్‌లో దించుకున్నవి, అన్నీ కంప్యూటర్‌లో సినిమా పేరుతో ఒక్కో ఫోల్డర్. ఫోల్డర్ పేరు మాత్రమే కరెక్టు, లోపల పాటకి ఉండే ట్యాగ్, అంటే పాట పేరు, పాడినవారు, ఆల్బం అని ఫైల్ లోపల రాసి ఉండే సమాచారం, అది పూర్తిగా గందరగోళం. సగం పాటలకి ట్రాక్ 1, ట్రాక్ 2 అనే ఉంటుంది, కొన్నిటికి పాడినవారి పేరు ఉండాల్సిన చోట ఏదో వెబ్‌సైట్ అడ్రస్ ఉంటుంది. బాలుగారి పేరు ఒకచోట ఎస్పీబీ, ఒకచోట బాలు, ఇంకోచోట ఎస్.పి. చుక్కల మధ్య ఖాళీతో, ఖాళీ లేకుండా, స్పెల్లింగు మార్చి... నా దగ్గరే ఆయన పదకొండు రకాలుగా ఉన్నారు, లెక్కపెట్టాను. ఐపాడ్ పాటల్ని ఫోల్డర్లని బట్టి చూపించదు, ట్యాగ్‌ని బట్టే చూపిస్తుంది. అంటే ఆయన పదకొండు మంది గాయకులుగా విడిపోతారు, ట్రాక్ 1 అనే పాటలు రెండొందలు ఒకే వరసలో వస్తాయి. అవన్నీ సరిచేయాలంటే ఒక్కో పాటా తెరిచి టైపు చేయాలి, నా దగ్గర మూడువేలకి పైగా ఉన్నాయి. క్లిప్ ప్లస్‌లో మెనూలోనే ఫోల్డర్స్ అని ఉంటుంది, కంప్యూటర్‌లో నేను ఎలా సర్దుకున్నానో అలాగే కనిపిస్తుంది, సినిమా పేరు తెరిస్తే ఆ సినిమా పాటలు, అంతే.

రెండోది ఐట్యూన్స్, అంటే కంప్యూటర్‌లో వేసుకునే యాపిల్ వాళ్ళ పాటల సాఫ్ట్‌వేర్. అప్పట్లో ఐపాడ్‌లోకి పాట ఎక్కాలంటే దాని ద్వారానే ఎక్కాలి, మామూలుగా ఒక కంప్యూటర్‌లోని లైబ్రరీకే ముడిపడి ఉండేది, వేరే కంప్యూటర్‌కి తగిలించి సింక్ చేయబోతే ఉన్నవి తుడిచేసి కొత్తవి ఎక్కించమంటారా అని అడిగేది. లోపలికెళ్ళిన పాటలు కూడా దాచిన ఫోల్డర్లలో నాలుగు అక్షరాల అర్థం లేని పేర్లతో ఉంటాయి, ఇంకొకళ్ళకి కాపీ చేసి ఇద్దామంటే ఏ ఫైలు ఏ పాటో పేరు చూసి చెప్పలేం. ఎప్పుడూ ఒకే సొంత కంప్యూటర్ ఉన్నవాళ్ళకి ఇది పెద్ద విషయం కాదు. నేను హాస్టల్‌లో ఉండేవాడిని, నాకంటూ కంప్యూటర్ రాజమండ్రి ఇంట్లో ఉంది, హైదరాబాద్‌లో రూమ్మేట్ లాప్‌టాప్, లేదంటే నెట్ సెంటర్. క్లిప్ ప్లస్‌లో సెట్టింగ్స్‌లోకి వెళ్ళి యూఎస్‌బీ మోడ్ ఎంఎస్‌సీ అని పెడితే ఏ కంప్యూటర్‌కి తగిలించినా పెన్ డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది, ఫోల్డర్ పట్టుకుని అందులో పడేయడమే, ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేదు. సంక్రాంతికి ఇంటికెళ్తే మా తమ్ముడు దాచిపెట్టిన పాటలన్నీ పది నిమిషాల్లో ఎక్కించుకుని వచ్చేసేవాణ్ణి.

ఇవన్నీ ఒక ఎత్తు, మా అమ్మమ్మ కాసెట్లు ఒక ఎత్తు. నిజం చెప్పాలంటే నేను ఆ ప్లేయర్ ఎంచుకుంది వాటికోసమే. 1987లో మా మామయ్య టూ ఇన్ వన్, అంటే రేడియో, కాసెట్ రికార్డర్ కలిసి ఉండేది, కొన్న కొత్తలో అమ్మమ్మని వరండాలో కూర్చోబెట్టి పాడించి రికార్డు చేశాడు, మంగళహారతులు, లాలిపాటలు, అప్పగింతల పాటలు, ఆరు సి-90 కాసెట్లు. మధ్యలో తాతయ్య దగ్గు వినిపిస్తుంది, కోడి కూస్తుంది, ఎవరో బిందె దించిన చప్పుడు, అమ్మమ్మ ఒక చరణం మర్చిపోయి "ఉండరా, మళ్ళీ మొదట్నుంచి" అంటుంది. ఆవిడ 1996లో పోయారు. కాసెట్లు బీరువాలో ఉండి ఉండి బూజు పట్టడం మొదలైందని అమ్మ ఫోన్ చేసి ఏడిస్తే 2009 ఎండాకాలంలో సెలవు పెట్టి వెళ్ళాను.

టూ ఇన్ వన్ హెడ్‌ని స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, ఇయర్‌ఫోన్ జాక్ నుంచి కంప్యూటర్ వెనకాల నీలం రంగు లైన్ ఇన్‌కి రెండువైపులా పిన్ ఉన్న వైరు పెట్టి, ఆడాసిటీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేశాను. కాసెట్ ఎంతసేపు ఆడితే అంతసేపు కూర్చోవాల్సిందే, తొందరపెట్టే దారి లేదు, సౌండ్ మీటర్ ఎర్రలోకి వెళ్ళకుండా చూసుకోవాలి, వెళ్తే గొంతు చీలిపోతుంది, తర్వాత ఏం చేసినా బాగుపడదు. ఆరు కాసెట్లకి నాలుగు రోజులు పట్టింది. వాటిని ఎంపీత్రీ చేయడానికి మనసొప్పలేదు, ఎంపీత్రీ అంటే సైజు తగ్గించడానికి మన చెవికి పెద్దగా తెలియదనుకున్న శబ్దాన్ని తీసేస్తుంది, తీసేసింది మళ్ళీ రాదు. అందుకని ఫ్లాక్ అనే ఫైలు పద్ధతిలో పెట్టాను, అది ఏమీ తీసేయకుండా సైజు మాత్రం సుమారు సగానికి తెస్తుంది. ఈ ఫ్లాక్‌ని ఐపాడ్ పాడదు, యాపిల్ లాస్‌లెస్ అనే వాళ్ళ సొంత పద్ధతిలోకి మార్చి ఎక్కించాలి. క్లిప్ ప్లస్ నేరుగా పాడుతుంది. పైగా దానికి పక్కన మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టుకునే సందు ఉంది, ఐపాడ్‌లలో దేనికీ లేదు. అమ్మమ్మ పాటలన్నీ ఒక 8 జీబీ కార్డులో పెట్టి, సినిమా పాటలు ప్లేయర్ లోపలి మెమరీలో ఉంచాను. పండక్కి ఇంటికెళ్ళినప్పుడు ప్లేయర్‌నే స్పీకర్లకి తగిలించి అమ్మకి వినిపిస్తే అమ్మ పక్కింటివాళ్ళని కూడా పిలిచింది.

రోజువారీ వాడకం సంగతి చెప్తాను. అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్ నుంచి హైటెక్ సిటీకి బస్సు, మెట్రో ఇంకా లేదు, ట్రాఫిక్ పడితే రెండు గంటలు, సీటు దొరికితే అదృష్టం. ఒక చేత్తో రాడ్ పట్టుకుని నిలబడి జేబులో ఉన్న ప్లేయర్‌ని చూడకుండానే పాట మార్చుకోవాలి, దానికి బటన్లు ఉండాలి, క్లిప్ ప్లస్‌కి ఉన్నాయి, అది అగ్గిపెట్టెంత ఉంటుంది, వెనక క్లిప్పుతో చొక్కా జేబుకో కాలర్‌కో పెట్టేసుకోవచ్చు. బ్యాటరీ 15 గంటలు వస్తుందని కంపెనీ చెప్పింది, నాకు వారంలో ఒకటిరెండుసార్లు ఛార్జింగ్ పెడితే సరిపోయేది. ఎఫ్ఎం ఉంది, ఇయర్‌ఫోన్ వైరే ఏరియల్‌లా పనిచేస్తుంది కాబట్టి వైరు తగిలిస్తేనే పలుకుతుంది. ఐపాడ్‌లో ఎఫ్ఎం 2009లో వచ్చిన నానోలో మొదటిసారి లోపల పెట్టారు, అంతకుముందు వాటికి లేదు. ఇంకా మైక్ కూడా ఉంది, మా పిన్ని వరలక్ష్మీవ్రతం రోజు పాడిన హారతి దాంట్లోనే రికార్డు చేసి అమ్మమ్మ ఫోల్డర్ పక్కనే పెట్టాను.

సౌండ్ గురించి అడిగేవాళ్ళు చాలామంది ఉంటారు. దాని సౌండ్ ఏమీ కలపకుండా ఉన్నది ఉన్నట్టు ఇస్తుంది, దాని ధరకి ఎంతో మంచిదని ఆడియో కొలతలు తీసేవాళ్ళు కూడా మెచ్చుకున్నారు. అయితే ప్లేయర్ మార్చినదానికంటే ఇయర్‌ఫోన్ మార్చినప్పుడే నాకు తేడా బాగా తెలిసింది, కాబట్టి ఖర్చు పెడితే అక్కడ పెట్టండి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. స్క్రీన్ అంగుళం ఉంటుంది, పెద్దవాళ్ళ కళ్ళకి కష్టం. తెలుగు అక్షరాలు చూపించదు, ఫోల్డర్ల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకోవాలి. కార్డు నిండా పాటలు వేసి పెడితే కొత్తవి ఎక్కించిన ప్రతిసారీ లిస్టు తయారు చేసుకోవడానికి నిమిషాల తరబడి టైం తీసుకుంటుంది. దీనికి మందు రాక్‌బాక్స్. కంపెనీ ఇచ్చిన సాఫ్ట్‌వేర్ బదులు వేసుకోగలిగే ఫ్రీ సాఫ్ట్‌వేర్ అది, 2001లో ఆర్కోస్ ప్లేయర్ల కోసం కొందరు మొదలుపెట్టారు, తర్వాత చాలా ప్లేయర్లకి చేశారు, ఐపాడ్‌లకి కూడా. వేసుకున్నాక లిస్టు కోసం ఆగక్కర్లేదు, నేరుగా ఫోల్డర్లోకి వెళ్ళిపోవచ్చు, పాటకీ పాటకీ మధ్య సౌండ్ ఎక్కువతక్కువలు సరిచేసుకోవచ్చు. క్లిప్ ప్లస్‌లో అయితే పాత సాఫ్ట్‌వేర్ కూడా పోదు, ఆన్ చేసేటప్పుడు ఎడమ బటన్ నొక్కి పట్టుకుంటే అది వస్తుంది, కాబట్టి భయపడకుండా ప్రయత్నించొచ్చు.

ఇప్పుడు వెనక్కి చూస్తే ఐపాడ్ ఒక్కటే ఉన్నట్టు మాట్లాడతారు గానీ, అప్పట్లో చాలా ఉండేవి. సింగపూర్ కంపెనీ క్రియేటివ్ జెన్ ప్లేయర్లు చేసేది, మెనూలో పాటలు వెతికే పద్ధతి మీద వాళ్ళకి పేటెంట్ ఉంటే 2006లో యాపిల్ 100 మిలియన్ డాలర్లు ఇచ్చి సర్దుబాటు చేసుకుంది. కొరియా వాళ్ళ కోవన్ డి2 ఒక్క ఛార్జింగ్‌కి 52 గంటలు పాడుతుందని చెప్పేవాళ్ళు. ఐపాడ్ ముందు ఇవన్నీ కనపడకుండా పోయాయి, నాకు అది ఇప్పటికీ బాధే. అలాగని ఐపాడ్ ఎవరికీ వద్దని అనను, ట్యాగులన్నీ సక్రమంగా పెట్టుకుని, వేల పాటలు ఒకేచోట ఉండాలి అనుకునేవాళ్ళకి 160 జీబీ ఐపాడ్ క్లాసిక్ లాంటిది అప్పట్లో దొరకడం చాలా అరుదు.

ఇక మీ నాన్నగారి విషయం. ముందు ఆయన పాటలు ఎలా ఉన్నాయో చూడండి. మీరు రాసినదాన్ని బట్టి పెన్ డ్రైవ్‌లో ఫోల్డర్లుగా ఉన్నాయి, అంటే మీ పరిస్థితి నాదే, ఫోల్డర్ల వారీగా పాడేది, కార్డు పెట్టుకునేది కావాలి. ఐపాడ్ ఆఖరి మోడల్ కూడా 2022 మేలో ఆపేశారు, క్లాసిక్ అయితే 2014లోనే, ఇప్పుడు దొరికే ప్రతిదాని బ్యాటరీ పాతదే, లోపల సీలు వేసి ఉంటుంది, మార్పించకుండా కొంటే రెండు గంటలకే ఆగిపోవచ్చు. నా క్లిప్ ప్లస్ కూడా ఇప్పుడు కొత్తది దొరకదు, సెకండ్ హ్యాండ్‌లో దానికీ బ్యాటరీ గొడవే. కొత్తవాటిలో ఫియో, హైబీ లాంటి కంపెనీలవి ఉన్నాయి, సోనీ వాక్‌మన్ ఎన్‌డబ్ల్యూ-ఎ306 ఉంది గానీ అది ఆండ్రాయిడ్, టచ్ స్క్రీన్, ఫోన్ వద్దనే మనిషికి మళ్ళీ ఫోన్ లాంటిదే ఇచ్చినట్టవుతుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం ఆయనకి ఇష్టం లేకపోతే ప్లేయర్ మానేసి సరిగమ కార్వాన్ చూడండి, తెలుగుది ఉంది, పెన్ డ్రైవ్ పెట్టుకునే చోటు కూడా ఉంది, మా మామయ్య ఇప్పుడు దాంట్లోనే వింటున్నాడు.

ఏది కొన్నా షాపుకి ఆయన్నీ, ఆయన పెన్ డ్రైవ్‌లో పాటలు వేసిన ఒక మైక్రో ఎస్‌డీ కార్డునీ వెంట తీసుకెళ్ళండి. కార్డు అందులో పెట్టి ఆయన చేతికే ఇచ్చి ఒక ఘంటసాల పాట వెతికి పెట్టమనండి, మీరు చెప్పకుండా. బటన్లు వేలికి తగులుతున్నాయా, అక్షరాలు కళ్ళజోడు లేకుండా కనిపిస్తున్నాయా, ఆపేసి మళ్ళీ ఆన్ చేస్తే ఆగిన చోటునుంచే మొదలవుతోందా అన్నవి అక్కడే చూడండి, పెద్దవాళ్ళు హరికథలు, పద్యాలు వింటారు కదా, గంట సేపు ఉన్న ఫైలు ప్రతిసారీ మొదటికొస్తే విసుగొచ్చి పక్కన పడేస్తారు.

ఆయన దగ్గర కాసెట్లు కూడా ఏమైనా ఉంటే రాయండి, వైరు ఎక్కడ పెట్టాలో, ఆడాసిటీలో ఏ సెట్టింగులు వాడానో వివరంగా చెప్తాను.