బల్లెం విసిరే అమ్మాయి ఫిజియోథెరపీ చదువుతానంటోంది

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడాది బైపీసీ, జావెలిన్ విసురుతుంది. ఆర్నెల్లుగా కుడి భుజం నొప్పి. వెనక క్యాప్సూల్ బిగిసిందని ఫిజియోథెరపిస్టు చెప్పారు. అప్పట్నుంచి తనూ అదే చదువుతానంటోంది. ఆట పోతుందన్న బాధలో అంటోందేమో?

జవాబు: బిగిసిన భుజంతో ఆట పోయినట్టేనని టెన్షన్ పడకండి. చాలామందికి సరైన వ్యాయామంతో సర్దుకుంటుంది.

భుజం కీలంటే చిన్న పళ్ళెంలో పెద్ద బంతి. రెంటినీ చుట్టి పట్టుకున్న సంచి క్యాప్సూల్. బల్లెం వదిలాక విసురు మీదున్న చేతిని ఆపే భారం భుజం వెనక కండరాల మీద, ఆ సంచి వెనక భాగం మీద పడుతుంది. ఏళ్ళ తరబడి విసిరితే అక్కడ మందమై బిగుస్తుంది.

అమ్మాయిని వెల్లకిలా పడుకుని, చెయ్యి భుజానికి తిన్నగా పక్కకి చాపి, మోచెయ్యి మడిచి వేళ్ళు పైకప్పు వైపు పెట్టమనండి. భుజం లేవకుండా ముంజేతిని పాదాల వైపు వాల్చితే విసిరే చెయ్యి ముందే ఆగుతుంది. తల వైపు వాల్చితే రెండో చేతికన్నా ఎక్కువే వెళ్తుంది. నొప్పొస్తే ఆపేయాలి. చిన్నప్పట్నుంచి విసిరేవాళ్ళకి ఎముక మెలికే కొంత మారుతుంది కనుక తేడా అంతా క్యాప్సూల్‌ది కాదు. అందుకే యూట్యూబ్ చూసి సాగదీయొద్దు.

'ఈ చెయ్యి ఎందుకు ఆగుతోంది' అని తనే అడిగితే, అది బాధలో అన్న మాట కాదండి. ఆ ఆసక్తి నాకు మార్కులకన్నా విలువైంది.

అయితే ఆటగాళ్ళతో పనిచేసే ఉద్యోగాలు తక్కువ, మొదట్లో జీతాలూ తక్కువే. రోజూ వచ్చేది పక్షవాతం, మోకాళ్ళు, షుగరున్న పెద్దవాళ్ళ ఫ్రోజెన్ షోల్డర్. అక్కడ బిగిసేదీ ఈ క్యాప్సూలే! జడ వేసుకోడానికి చెయ్యి లేవని అమ్మమ్మకి ఓపిగ్గా నెలల తరబడి చేయించగలదా? పరీక్షలయ్యాక అమలాపురంలోనో భీమవరంలోనో తెలిసిన క్లినిక్‌లో అడిగి, పది రోజులు కూర్చోబెట్టండి. అప్పటికీ కావాలంటే నిశ్చింతగా చేర్పించండి.

ఫిజియోథెరపీ డిగ్రీ బీపీటీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి దాదాపు ఐదేళ్ళు. తర్వాత పీజీ అయిన ఎంపీటీలో స్పోర్ట్స్ రెండేళ్ళు. ప్రవేశాల నిబంధనలు మారుతుంటాయి, విజయవాడ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం ఈ ఏడాది నోటిఫికేషనే చూడండి. బల్లెం మళ్ళీ ఎప్పుడు పట్టాలో మాత్రం ఆ ఫిజియోథెరపిస్టునే అడగండి.