12 రోజులైంది, ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు?

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 19 ఏళ్లు. భీమవరంలో బీటెక్ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాను. మాది సఖినేటిపల్లి దగ్గర పల్లెటూరు. కాలేజీ ఫెస్ట్ అయిన రాత్రి మా సీనియర్ ఒకతను హాస్టల్ దగ్గర దింపుతానని బండి ఎక్కించుకున్నాడు. మా పక్క ఊరి అబ్బాయే. మధ్యలో ఫ్రెండ్ రూమ్‌లో ఏదో తీసుకోవాలని ఆపి, అక్కడ నన్ను బలవంతం చేశాడు. వద్దని చెప్పాను. ఆ తర్వాత నోరు పెగల్లేదు, కాళ్లూ చేతులూ కదల్లేదు. వచ్చి స్నానం చేసేశాను, బట్టలు ఉతికేశాను. 12 రోజులైంది. రూమ్మేట్‌కి తప్ప ఎవరికీ తెలీదు. ముందు 'సారీ, ఎవరికీ చెప్పకు' అని మెసేజ్ పెట్టాడు. ఇప్పుడు ఫొటోలు ఉన్నాయని బెదిరిస్తున్నాడు. వైశాఖంలో అక్క పెళ్లి. నాన్నకి తెలిస్తే ఆ పెళ్లి ఏమవుతుందో! నేను అరవలేదు కాబట్టి నాదీ తప్పేనేమో అనిపిస్తోంది. ఇప్పుడు చెబితే ఎవరు నమ్ముతారు? చదువు మానేసి ఇంటికి పోదామనుంది. మొన్న పంటు మీద గోదావరి దాటుతుంటే దూకేద్దామనిపించింది.
– ఓ విద్యార్థిని, కోనసీమ

జవాబు: తల్లీ, నువ్వు చివర రాసిన మాటకే ముందు జవాబు చెబుతాను. పంటు మీద వచ్చిన ఆ ఆలోచన మళ్లీ వస్తే ఒంటరిగా మాత్రం ఉండకు. ఇవాళే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, ప్రభుత్వ హెల్ప్‌లైన్. డబ్బులు తీసుకోరు, రాత్రి రెండు గంటలకైనా తెలుగులో మాట్లాడతారు. ఆగలేనంతగా అనిపిస్తే 112. ఈ కొన్నాళ్లు ఇంటికి వెళ్లాల్సి వస్తే రేవు దాకా ఒక్కదానివే వెళ్లొద్దు, రూమ్మేట్‌ని వెంట తీసుకెళ్లు. 'నాకు చచ్చిపోవాలనిపించింది' అని ఆమెకి ఉన్నదున్నట్టు చెప్పు. పాపం భయపడుతుందేమో అని దాచకు. భయపడితే పడనీ, ఆ సంగతి ఇంకొకరికి తెలిసి ఉండాలి.

ఇక అరవలేదన్న బాధ. భయం ఒక్కసారిగా మీద పడితే ఒళ్లు బిగుసుకుపోవడం, గొంతు పూడుకుపోవడం చాలామందికి జరుగుతుంది. అది మనం ఆలోచించి చేసే పని కాదు. చట్టం రాసినవాళ్లు కూడా దీన్ని వదిలెయ్యలేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్‌లో, ఆడమనిషి ఒంటితో ఎదురు తిరగనంత మాత్రాన ఒప్పుకున్నట్టు లెక్క కాదని రాసే ఉంది. పైగా నువ్వు వద్దని నోటితో చెప్పావు. బండెందుకు ఎక్కానా అని కూడా నిన్ను నువ్వు తిట్టుకుంటూ ఉండి ఉంటావు. తెలిసినవాడు, పక్క ఊరివాడు రాత్రిపూట దింపుతానంటే ఎవరైనా ఎక్కుతారు, నేనైనా ఎక్కేదాన్ని.

కేసు సంగతి తర్వాత తేల్చుకుందువుగానీ, ఒంటి సంగతి ఆగదు. ఈ రెండు మూడు రోజుల్లో ఆస్పత్రికి వెళ్లు. జరిగిన 72 గంటల్లోపు వెళ్లి ఉంటే గర్భం రాకుండా మాత్ర, హెచ్‌ఐవీ సోకకుండా 28 రోజుల మందుల కోర్సు ఇచ్చేవారు. ఆ గడువు నీకు దాటింది. (ఇది చదువుతున్న వేరే అమ్మాయి ఎవరికైనా ఇంకా దాటకపోతే, మిగతాది తర్వాత చదువుదువుగాని, ముందు బయల్దేరమ్మా. స్నానం చేయకుండా, ఆ బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టుకుని వెళ్లు. పాలిథీన్ కవర్లో పెడితే చెమ్మకి పాడవుతాయి.) దాటినా నీకు చేయాల్సినవి చాలా ఉన్నాయి. హెచ్‌ఐవీ, ఇతర ఇన్ఫెక్షన్ల పరీక్షలు ఇప్పుడొకసారి చేసి, మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతారు. హెపటైటిస్ బీ టీకా వేస్తారు. గర్భం పరీక్ష ఇప్పుడు చేసుకుని లేదని తేలినా నమ్మకం పెట్టుకోకు, జరిగిన రోజు నుంచి మూడు వారాలు నిండాక మళ్లీ చేయించుకో. ఒకవేళ వచ్చినా చట్టప్రకారం తీయించుకోవచ్చు. అత్యాచారానికి గురైనవాళ్లకి 24 వారాల దాకా అవకాశం ఉంది, ఎంత ముందు వెళితే అంత తేలిక. నీకు 18 నిండాయి కాబట్టి అమ్మానాన్నల సంతకం అక్కర్లేదు. మెడికల్ షాపులో అడిగి మాత్రలు కొని హాస్టల్ గదిలో మింగడం మాత్రం వద్దు. రక్తస్రావం ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుంది.

భీమవరంలో తెలిసినవాళ్లు కనిపిస్తారని భయమైతే ఏలూరుకో, రాజమండ్రికో, కాకినాడ ప్రభుత్వాస్పత్రికో (జీజీహెచ్) వెళ్లు. ప్రైవేటు ఆస్పత్రి అయినా సరే, ఇలాంటి బాధితులకి వెంటనే ఉచితంగా వైద్యం చేసి తీరాలి, ముందు ఎఫ్‌ఐఆర్ తెమ్మని తిప్పి పంపకూడదు. ఆస్పత్రివాళ్లు పోలీసులకి సమాచారం ఇస్తారు. నీకు ఇప్పుడే పోలీసులతో మాట్లాడాలని లేకపోతే ఆ మాట కేస్ షీటులో రాయించు. దానివల్ల వైద్యం ఆగదు. ఏ పరీక్ష చేసినా నీ అనుమతి ఉండాలి. వేళ్లతో చేసే పాత పరీక్ష ఒకటుంది, దాన్ని ఇక చేయకూడదని, చేసినవాళ్లది దుష్ప్రవర్తన కిందికే వస్తుందని 2022లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. ఎవరైనా ఆ పని చేయబోతే వద్దని చెప్పు. వైద్య కాగితాల నకలు అడిగి తీసుకో.

ఇప్పుడు పోలీసులు. 12 రోజులైంది, సాక్ష్యం లేదు అనుకుంటున్నావు. ఈ నేరానికి ఫిర్యాదు గడువంటూ లేదు. ఇలాంటి విషయాల్లో ఆడపిల్ల ఆలస్యంగా బయటపడటం మామూలేనని, నమ్మదగ్గదైతే ఆమె సాక్ష్యం ఒక్కటే శిక్షకి చాలని 1996లోనే సుప్రీంకోర్టు గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది. నీ దగ్గర అంతకంటే ఎక్కువే ఉంది. అతను 'సారీ, ఎవరికీ చెప్పకు' అని రాసి పంపాడు. ఆ మెసేజ్‌లు చెరపకు, ఫోన్ ఫార్మాట్ చేయకు, పాత ఫోన్ ఎక్స్చేంజ్‌లో ఇచ్చెయ్యకు. తేదీ, నంబరు కనబడేలా స్క్రీన్‌షాట్లు తీసి రూమ్మేట్‌కి కూడా పంపించు. ఉతికిన బట్టలు కూడా పారెయ్యకు, ఒక్కోసారి వాటిమీద కూడా ఆధారాలు దొరుకుతాయి.

ఫిర్యాదు భీమవరంలోనే ఇవ్వాలని లేదు. ఏ స్టేషన్‌లో ఇచ్చినా జీరో ఎఫ్‌ఐఆర్ రాసుకుని అక్కడికి పంపాలి. నీ మాటలు మహిళా అధికారే రాసుకోవాలి. ఆ తర్వాత వాంగ్మూలం నీకు నచ్చిన చోట ఇవ్వొచ్చు, అంటే జీపు మీ ఊరి మొగలోకి రానక్కర్లేదు. 181కి ఫోన్ చేస్తే దగ్గరలో ఉన్న సఖి వన్ స్టాప్ సెంటర్‌కి దారి చూపిస్తారు. అక్కడ వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు సాయం, లాయరు ఒక్క చోటే దొరుకుతాయి, ఒకట్రెండు రోజులు ఉండొచ్చు కూడా. 15100 న్యాయసేవల నంబరు. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరుని ఇస్తారు. నీ పేరు, ఊరు బయటపెడితే, పేపరైనా వాట్సాప్ గ్రూపైనా, నేరమే, రెండేళ్ల దాకా జైలు. విచారణ మూసిన తలుపుల వెనకే జరుగుతుంది. ఊరి నోరు మాత్రం ఏ సెక్షనూ మూయించలేదు, అది కూడా తెలిసే దిగు.

కేసు పెట్టి తీరమని నేను అనను. ఏళ్ల తరబడి కోర్టుకి తిరగాల్సింది నువ్వు, నేను కాదు. అయితే నా అభిప్రాయం అడిగితే, ఫొటోల బెదిరింపు ఉంది కాబట్టి పోలీసుల దాకా వెళ్లడమే మంచిదంటాను. బెదిరించేవాడికి లొంగితే అక్కడితో ఆగడు. డబ్బు అడుగుతాడు, లేదా మళ్లీ రమ్మంటాడు. ఒక్క రూపాయి ఇవ్వకు, మాట్లాడదాం రమ్మంటే ఒంటరిగా వెళ్లకు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ల ఫిర్యాదులకి వేరే విభాగం ఉంది, పేరు చెప్పకుండానూ ఇవ్వొచ్చు. ఎక్కడైనా ఫొటో పెట్టినా, నువ్వు ఫిర్యాదు చేసిన కొన్ని గంటల్లోనే తీసెయ్యాలని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వాటికి నిబంధన ఉంది.

కాలేజీలో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కంప్లైంట్స్ కమిటీ ఉంటుంది, నోటీసు బోర్డులో సభ్యుల పేర్లు ఉండాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా, జరిగిన 3 నెలల్లో ఇవ్వాలి. సరైన కారణం ఉంటే ఇంకో 3 నెలలు పొడిగిస్తారు, కానీ అంతదాకా లాగకు. పోలీసు కేసు ఉన్నా లేకున్నా ఇది ఇవ్వొచ్చు. ఫిర్యాదులోనే, విచారణ జరిగేలోపు అతన్ని నీకు దూరంగా ఉంచమని అడుగు. నీకు కావాలంటే హాజరు నష్టపోకుండా 3 నెలల దాకా సెలవు కూడా అడగొచ్చు, యూజీసీ నిబంధనల్లో ఉంది. నువ్వు చదువు మానెయ్యక్కర్లేదు అని నేననేది ఇందుకే. 'బయట జరిగింది, మాకేం సంబంధం' అని ప్రిన్సిపాల్ అనొచ్చు. క్యాంపస్ అంటే కాంపౌండు గోడ ఒక్కటే కాదని ఆ నిబంధనలే చెబుతున్నాయి. అదీగాక రేపు ల్యాబుల్లో, క్యాంటీన్లో అతను నీకు ఎదురుపడేది కాలేజీ లోపలే కదా.

అన్నిటికంటే నీకు టెన్షన్ అమ్మకి చెప్పడం గురించేనని నాకు తెలుసు. నాన్నకంటే ముందు అమ్మకే చెప్పు. ఫోన్లో వద్దు, వంటింట్లో మీరిద్దరే ఉన్నప్పుడు చెప్పు. ఇంత మాట చాలు: 'అమ్మా, ఒకబ్బాయి నన్ను బలవంతం చేశాడు. ఆస్పత్రికి వెళ్లాలి, నువ్వు తోడు రా. నాన్నకి ఎప్పుడు చెప్పాలో ఇద్దరం ఆలోచిద్దాం.' మొదటి నిమిషంలో ఆవిడ నోట 'ఆ రాత్రి పూట నిన్నెవరు వెళ్లమన్నారే' అని రావచ్చు. తల బాదుకోవచ్చు. అది భయంతో వచ్చే మాట, దాన్నే పట్టుకుని లేచి వచ్చెయ్యకు. కాసేపు ఆగితే తల్లి మళ్లీ తల్లవుతుంది. అమ్మ దగ్గర నోరు రాదనిపిస్తే నీకు చనువున్న పిన్నికో, మేనత్తకో ముందు చెప్పి వాళ్లని పక్కన కూర్చోబెట్టుకో.

నాన్నకి తెలిశాక రెండిట్లో ఒకటి జరుగుతుంది మన వైపు. ఆవేశంతో ఆ కుర్రాడి మీదికెళ్తారు, లేదా పెద్దమనుషుల్లో పెడతారు. మొదటిదైతే కేసు నాన్న మీదికే తిరుగుతుంది, అమ్మ చేత ముందే చెప్పించు. రెండోదానికి నేను ససేమిరా ఒప్పుకోను. రావి చెట్టు కింద కూర్చుని ఇంత డబ్బని, కాదంటే వాడికే ఇచ్చి చేద్దామని తేల్చడం మన ఊళ్లలో ఇంకా ఉంది. రాజీ చేసుకునే నేరం కాదిది. కోర్టులైనా సరే రాజీ, పెళ్లి లాంటి సలహాలు ఇవ్వకూడదని 2021లో సుప్రీంకోర్టు చెప్పాక, ఊరి పెద్దలకి ఆ అధికారం ఎక్కడిది? ఆ కుర్రాడితో పెళ్లి మాట ఎవరెత్తినా, ఎంత దగ్గరివాళ్లైనా, వద్దని ఒక్కసారే చెప్పి ఊరుకో, వాదనకి దిగకు.

అక్క పెళ్లి గురించి. కేసు పెడితే పెళ్లివారికి తెలియదని నేను హామీ ఇవ్వలేను. తెలిస్తే గొడవ కావచ్చు. దానికి కారణం నువ్వు కాదు. అక్కకి చెప్పాలా వద్దా అన్నది అమ్మతో కలిసి తేల్చుకో. తర్వాత ఎవరి ద్వారానో వినడం కన్నా నీ నోట వినడమే అక్కకి నచ్చుతుందేమో, అదీ ఆలోచించు. అయితే పెళ్లయ్యేదాకా ఆస్పత్రిని వాయిదా వేస్తానంటే మాత్రం కుదరదు.

నిద్ర పట్టకపోవడం, బండి చప్పుడు వింటే ఉలిక్కిపడటం, పుస్తకం తీస్తే అక్షరం కనబడకపోవడం ఇంకా కొన్ని వారాలు ఉండొచ్చు. నెల దాటినా తగ్గకపోతే సైకియాట్రీ ఓపీలో చూపించుకో.

రూమ్మేట్‌కి కూడా ఒక పని ఉంది. ఆ రాత్రి నువ్వు ఎన్నింటికి వచ్చావు, ఎలా ఉన్నావు, ఏం చెప్పావు అన్నది తనకి గుర్తున్నది గుర్తున్నట్టు తేదీ వేసి రాసి పెట్టుకోమను. ఆమె విన్నది ముందు ముందు నీకు సాక్ష్యమవుతుంది. ఆస్పత్రికి వెళ్లే రోజు ఔటింగ్ పర్మిషన్‌కి వార్డెన్‌తో 'ఒంట్లో బాగాలేదు' అంటే చాలు. తోడుగా ఆమె పేరు కూడా రిజిస్టర్లో రాయించు.