రెఫ్యూజ్‌లో ఫీజు తీసుకుని బర్డ్ ఫోటో వాక్: పాస్ చాలదు, పర్మిట్ కావాలి

అమెరికాలో హ్యూస్టన్ దగ్గరి బ్రజోరియా వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌కి (ఫెడరల్ ప్రభుత్వ వన్యప్రాణి సంరక్షణ ప్రాంతం) ఎనిమిది మందిని ఫీజు మీద బర్డ్ ఫోటో వాక్‌కి తీసుకెళ్లడానికి ఏడాది పాస్ సరిపోతుందా అని ఒకరు అడిగారు. చాలదండి. పాస్ ప్రవేశ రుసుము వరకే. రెఫ్యూజ్‌ల మీద వచ్చిన 1997 చట్టం ప్రాధాన్యమిచ్చిన ఆరు వినియోగాల్లో ఫోటోగ్రఫీ ఉన్నమాట నిజమే, కానీ డబ్బు తీసుకున్నారంటే అది వ్యాపారం. దాన్ని "డొనేషన్" అని వాట్సాప్‌లో రాసినా అంతే.

కావలసింది స్పెషల్ యూజ్ పర్మిట్, ఫారం 3-1383-సి. ‘సి’ వ్యాపార పనులకు, ‘జి’ సాధారణ పనులకు, ‘ఆర్’ పరిశోధనకు. పొరపాటున ‘జి’ నింపితే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఫారం ముట్టుకునే ముందు రెఫ్యూజ్ ఆఫీసుకి ఫోన్ చేసి ఒక్కటే అడగండి: డబ్బు తీసుకునే గైడెడ్ టూర్లకు ఇక్కడ కంపాటిబిలిటీ డిటర్మినేషన్ (ఆ పని రెఫ్యూజ్ ఉద్దేశానికి అడ్డురాదన్న రాతపూర్వక నిర్ణయం) ఉందా? లేకపోతే కొత్తది రాసి ప్రజాభిప్రాయానికి పెట్టాలి. అప్పుడు ఈ సీజన్ మీద ఆశ వదులుకోవడమే.

ఫారంలో స్థలం అన్నచోట "రెఫ్యూజ్ అంతా" అని రాయకండి. ఏ రోడ్డు, ఏ ట్రైల్, ఏ తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎన్ని కార్లు అన్నది విడివిడిగా రాయండి. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, ఫస్ట్ ఎయిడ్ కార్డు సిద్ధంగా పెట్టుకోండి, అడగొచ్చు. డ్రోన్ మాత్రం ఇంట్లోనే వదిలేయండి. ప్రత్యేక అనుమతి లేకుండా అక్కడ ఎగరేయడం నేరం.